దఖల్ లేనిదే బేదఖల్ ఎక్కడ?

2021లో ఒకరోజు తహసీల్దారు ఆఫీసులో వేలిముద్ర యంత్రం మీద నా బొటనవేలు పెట్టాను. అంతకు ముందు సంవత్సరం మా నాయిన పోయాడు. రామారెడ్డిలో ఆయన పేరు మీదున్న రెండెకరాలు విరాసత్ చేయించాలి. వారసులు ముగ్గురం. అమ్మ, నేను, తమ్ముడు. అమ్మ, నేను మాకు అభ్యంతరం లేదన్న కాగితం మీద సంతకాలు చేశాం. భూమి తమ్ముడి పేరు మీదికి వెళ్ళింది. బయటికొచ్చి ముగ్గురం చాయ్ తాగాం. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు. ఇది నేను మొదటే చెప్పాలి. ఎందుకంటే ఈ వ్యాసమంతా ఆ ‘ఎవరూ బలవంతం చెయ్యలేదు’ అన్న మాట గురించే.

నేను చదివింది సాహిత్యం. డాక్టరేట్ చేసింది స్త్రీల కథల మీద. కథల్లో ఆడవాళ్ళు ఆస్తి గురించి ఏం మాట్లాడారు, ఏం మాట్లాడకుండా వదిలేశారు అన్నదాని మీద ఒక అధ్యాయం మొత్తం రాశాను. సెమినార్లలో మాట్లాడాను. ఆ రోజు సంతకం చేసేటప్పుడు మాత్రం ఆ అధ్యాయం నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చింది మా అవ్వ మాట.

అవ్వ అంటే నాయిన తల్లి. 2009లో పోయింది. నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో రాత్రి వాకిట్లో మంచం మీద పడుకుని అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పేది. “నన్ను బేదఖల్ చేసిన్రు బిడ్డా. నా చేన్ల నేనే కూలికి పోయిన” అనేది. అవ్వకు చదువు రాదు. కానీ ‘బేదఖల్’ అన్న మాటను ఎంత స్పష్టంగా పలికేదో నాకిప్పటికీ గుర్తుంది. అప్పుడు నేనది తిట్టేమో అనుకునేదాన్ని.

‘దఖల్’ అంటే ప్రవేశం, స్వాధీనం. ‘బే’ అంటే లేకుండా. నిజాం రాజ్యంలో రెవెన్యూ పాలన మొదట ఫార్సీలో, తర్వాత ఉర్దూలో నడిచింది కాబట్టి పట్టా, కబ్జా, పహాణీ, విరాసత్‌లతో పాటు ఈ మాట కూడా చదువురాని రైతుల నోళ్ళలోకి వచ్చి తెలుగైపోయింది. భూమి మీద ఉన్నవాణ్ణి న్యాయం ప్రకారం కాకుండా వెళ్ళగొట్టడం బేదఖల్. ఇంగ్లీషు న్యాయశాస్త్రంలో దీనికి చాలా పాత మాట ఒకటుంది, డిస్సీజిన్. అక్కడ ‘సీజిన్’ అంటే భూమి మీద ఉండటం, దాన్ని అనుభవిస్తూ ఉండటం. దాన్నుంచి తప్పించడం డిస్సీజిన్. రెండు మాటల నిర్మాణమూ ఒకటే. ముందు ‘ఉండటం’ ఉండాలి, తర్వాతే ‘లేకుండా చెయ్యడం’. ఈ చిన్న వ్యాకరణ సూత్రంలోనే ఆడవాళ్ళ భూమి చరిత్ర చాలావరకు ఇమిడి ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇంగ్లండులో రెండో హెన్రీ రాజు 1166 ప్రాంతంలో ‘నావెల్ డిస్సీజిన్’ అనే విచారణ పద్ధతి తెచ్చాడు. ‘నావెల్’ అంటే ఈ మధ్య జరిగినది అని. భూమి పోగొట్టుకున్న మనిషి రాజు కోర్టుకు వస్తే, ఇరుగుపొరుగు నుంచి పన్నెండుమందిని పిలిచి, ఆ భూమిని చూపించి, ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు. ఫలానావాడు ఫలానావాణ్ణి అన్యాయంగా, తీర్పు లేకుండా, తన భూమి నుంచి వెళ్ళగొట్టాడా? అసలు హక్కు ఎవరిది, తాతల కాలం నుంచి ఎవరి పేరుంది అన్నది ఇక్కడ అడగరు. హక్కు తగాదా తర్వాత తేల్చుకోండి, ముందు గుంజుకున్నది ఇచ్చెయ్యండి అంటారు. బలవంతుడికి ఎదురుగా బలహీనుడి చేతికి ఇచ్చిన మంచి పనిముట్టే ఇది. 1215 నాటి మాగ్నా కార్టాలో కూడా తీర్పు లేకుండా ఏ స్వతంత్రుణ్ణీ భూమి నుంచి తొలగించరాదన్న హామీ ఉంది.

అయితే ఆ ‘స్వతంత్రుడు’ ఎవరు? దొర భూమికి కట్టుబడి దున్నే విలెయిన్‌కు ఈ విచారణ లేదు. అతను నేల మీద ఉన్నా చట్టం దృష్టిలో అతని ఉనికి దొర ఉనికే. పెళ్ళయిన స్త్రీ ఒంటరిగా దావా వెయ్యలేదు, భర్తతో కలిసే వెయ్యాలి. మరి ఆమెను వెళ్ళగొట్టింది భర్తే అయితే? ఆ ప్రశ్నకు ఆ పన్నెండుమంది దగ్గర చోటు లేదు. వారిద్దరూ చట్టానికి ఒక్క మనిషే, ఒక్క మనిషి తనను తాను వెళ్ళగొట్టుకోలేడు కదా!

ఇంగ్లండులో ఈ విచారణ 1833లో రద్దయింది. దాని ఆలోచన మాత్రం మనదాకా వచ్చింది. 1877 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 9వ సెక్షన్‌గా, 1963 చట్టంలో 6వ సెక్షన్‌గా ఉన్నది దాదాపు అదే. తన సమ్మతి లేకుండా, చట్టబద్ధమైన పద్ధతిలో కాకుండా, స్థిరాస్తి నుంచి తొలగించబడిన మనిషి ఆరు నెలల లోపల దావా వేస్తే స్వాధీనం తిరిగి ఇప్పించాలి. ఎదుటివాడు తనకే హక్కుందన్నా వినరు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ప్రభుత్వం మీద మాత్రం ఈ దావా వెయ్యకూడదు. ఇందులో మూడు మాటల్ని గుర్తుంచుకోమని పాఠకుల్ని అడుగుతున్నాను. తొలగించబడటం, సమ్మతి లేకపోవడం, ఆరు నెలలు.

ఇప్పుడు అవ్వ దగ్గరికి వస్తాను. మా తాత కౌలుదారు. నాలుగెకరాలు దున్నేవాడు. 1950 తర్వాత రక్షిత కౌలుదారుల జాబితాలో ఆయన పేరెక్కిందని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. 1962లో ఆయన పోయినప్పుడు నాయినకు ఏడేళ్ళు. “పిల్లగాడు పెద్దగయ్యేదాంక నేను జూస్త వదినా” అని చిన్నతాత నాగలి పట్టాడు. ఒకటి రెండేళ్ళకు పహాణీలో ఆయన పేరు వచ్చింది. మూడో ఏడు అవ్వ చేన్లోకి పోతే “నీకేం పని ఈడ?” అన్నారు. ఆ తర్వాత కలుపుకు పిలిచారు, కూలి ఇచ్చి. అవ్వ వెళ్ళింది. కొడుకుకు బువ్వ పెట్టాలి కదా.

అవ్వ కథను నేను చాలాకాలం ఒక దుర్మార్గుడైన మరిది కథగానే విన్నాను. చట్టం చదివాక ఆ చిన్నతాత నాకు చాలా చిన్న మనిషిగా కనిపించాడు. హైదరాబాద్ కౌలు, వ్యవసాయ భూముల చట్టం 1950 జూన్‌లో వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటం వల్లనే ఇలాంటి చట్టం వచ్చిందని మనందరం గర్వంగా చెప్పుకుంటాం. ఆరేళ్ళు వరుసగా దున్నినవాడు రక్షిత కౌలుదారు. అతన్ని దొర తన ఇష్టం వచ్చినట్టు వెళ్ళగొట్టకూడదు, తహసీల్దారు ఉత్తర్వు లేకుండా భూమిని స్వాధీనం చేసుకోకూడదు. అదే చట్టం 40వ సెక్షన్ కౌలు హక్కు వారసత్వంగా వస్తుందని చెబుతూ వారసులెవరో కూడా చెప్పింది. ముందు కౌలుదారు సంతానం. వాళ్ళెవరూ లేకపోతేనే భార్య. అదీ మళ్ళీ పెళ్ళి చేసుకోనంత కాలమే.

ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు లైబ్రరీలో చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. దొరకూ కౌలుదారుకూ మధ్య ఇంత ధైర్యంగా నిలబడిన చట్టం, కౌలుదారు ఇంట్లోకి వచ్చేసరికి అచ్చం దొరలాగే మాట్లాడింది. దున్నినవాడికి ఆరేళ్ళ అనుభవమే హక్కు. ఆ ఆరేళ్ళూ అదే చేన్లో నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసిన మనిషికి మాత్రం అనుభవం లెక్కలోకి రాదు. ఆమె శీలం లెక్కలోకి వస్తుంది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చి వితంతువుకు, కూతురికి వాటా ఇచ్చింది కదా అనొచ్చు. ఆ చట్టంలో 4వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ కౌలు హక్కుల వారసత్వాన్ని పక్కన పెట్టింది. వాటికి సంబంధించిన చట్టాలు ఎలా ఉంటే అలాగే నడుస్తాయంది. ఆ ఉపసెక్షన్‌ను తీసేసింది 2005లో. అంటే అవ్వ వితంతువైన 1962లో చట్టం ఆమెతో అన్నదీ, మరిది అన్నదీ ఒకటే. నీకేం పని ఈడ?

అవ్వ తనను బేదఖల్ చేశారంది. చట్టం ప్రకారం ఆ మాట చెల్లదు. ఆమెకు దఖల్ ఎప్పుడుంది గనక!

తెలంగాణలో ఆధార రికార్డుగా చెప్పుకునే ఖాస్రా పహాణీ 1954-55లో తయారైంది. ఇప్పటికీ భూమి తగాదా వస్తే ప్లీడర్లు మొదట అడిగేది దాన్నే. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, కబ్జాదారు, పంట, నీటి వసతి, అన్నీ ఉంటాయి అందులో. చేన్లో ఎవరున్నారని ఊరూరా రాసుకుంటూ పోయిన ఆ గిర్దావరుల కళ్ళకు నాట్లలో వంగిన ఆడవాళ్ళు కనపడలేదా? కనపడే ఉంటారు. అది ‘ఉండటం’ అనిపించి ఉండదు. నాగలి పట్టడం అనుభవం, కొడవలి పట్టడం సాయం.

ఆ రోజుల్లోనే ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్దారీ రద్దు, భూసంస్కరణల ఫలితాలను పరిశీలించి 1958లో పుస్తకం వేశాడు. 1951లో నమోదైన రక్షిత కౌలుదారుల్లో మూడు నాలుగేళ్ళు గడిచేసరికి అదే హోదాలో మిగిలింది నూటికి 45 మంది. చట్టప్రకారం తొలగించబడినవారు నూటికి ముగ్గురు కూడా లేరు. చట్టవిరుద్ధంగా వెళ్ళగొట్టబడినవారు 22 మంది. ‘స్వచ్ఛందంగా’ వదులుకున్నవారు దాదాపు 18 మంది. ఈ ఆఖరి అంకెను ఎవరూ నమ్మలేదు. తిండిపెట్టే భూమిని కౌలుదారు తనంతట తాను ఎందుకు వదులుకుంటాడు, దొర భయమో అప్పు భయమో లేకపోతే? అందుకే ఆ తర్వాత భూసంస్కరణల మీద రాసినవాళ్ళు ‘స్వచ్ఛంద’ అన్న మాటను అనుమానంతోనే వాడారు. వదులుకున్న ప్రతి కాగితం వెనకా ఒక బేదఖల్ ఉండొచ్చునని మన అభ్యుదయ మేధావులు మనకు నేర్పారు.

ఆ అనుమానాన్ని కూతుళ్ళ సంతకాల మీద ఎందుకు పెట్టలేదు? అక్కడికి వచ్చేసరికి ‘స్వచ్ఛంద’ అన్న మాట ఎందుకంత నమ్మకంగా వినిపిస్తుంది? బీనా అగర్వాల్ 1994లో ‘ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్’లో దక్షిణాసియా అంతటా అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములకు వాటా వదిలెయ్యడం గురించి వివరంగా రాశారు. పుట్టింటి గడప, పండక్కి పిలుపు, కష్టమొస్తే తిరిగి వచ్చే చోటు, వీటి ధర ఆ వాటా. నేను దాన్ని పాఠంగా చెప్పాను కూడా. అయినా తహసీల్దారు ఆఫీసులో నా మనసులో మెదిలింది దసరాకు తమ్ముడింటికి వెళ్ళగలనా లేదా అన్నదే. కౌలుదారుది భయం, నాది ప్రేమ అని చెప్పుకోవచ్చు. కానీ ప్రేమకు రుజువుగా భూమిని అడిగేది ఒక్క ఆడపిల్లనే ఎందుకు? తమ్ముడు నా మీద ప్రేమతో తన ఎకరం వదులుకోవాలని ఊళ్ళో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

చాకలి ఐలమ్మ గురించి ఈ పేజీల పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. పాలకుర్తిలో తాను కౌలుకు చేస్తున్న భూమిని, పంటను విసునూరు దేశ్‌ముఖ్ గుంజుకోబోతే సంఘం అండతో నిలబెట్టుకున్న మనిషి. స్త్రీశక్తి సంఘటన 1986లో వేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆమె గొంతు ఉంది. నన్ను ఆలోచింపజేసే విషయం ఒకటుంది. ఐలమ్మ బేదఖల్‌ను అందరూ బేదఖల్‌గానే గుర్తించారు. ఎందుకంటే ఎదురుగా ఉన్నవాడు దొర. ఆమె వెనక కుటుంబం, సంఘం నిలబడ్డాయి. అదే భూమిని సొంతవాళ్ళెవరో తమ పేర రాయించుకుని ఉంటే సంఘం వచ్చేదా, పాట పుట్టేదా అని నాకు సందేహం. ఆ పుస్తకంలోని ఆడవాళ్ళు ఉద్యమం ముగిశాక ఇళ్ళకు తిరిగి వెళ్ళమన్నప్పుడు ఎంత నొచ్చుకున్నారో చదివినప్పుడల్లా ఈ సందేహం పెరుగుతుంది. గెలుచుకున్న నేల మీదికి కాదు, వాళ్ళను పంపింది ఇంట్లోకి.

ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న చనిపోయింది. సరిగ్గా దానికి అయిదు రోజుల ముందు తేదీ నుంచి, అంటే 1985 సెప్టెంబర్ 5 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు వచ్చింది. దేశమంతా ఆ పని చేసింది 2005లో. మనం ఇరవయ్యేళ్ళు ముందున్నాం. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు ఆ హక్కు వర్తించదన్నారు. మన ఊళ్ళల్లో పెళ్ళిళ్ళు ఏ వయసులో అయ్యేవో తెలిసినవాళ్ళకు ఆ షరతు ఎందరిని బయట నిలబెట్టిందో చెప్పక్కర్లేదు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, 2005 సవరణ నాటికి తండ్రి బతికున్నా లేకున్నా కూతురి హక్కు పుట్టుకతో వచ్చిందేనని తేల్చింది. ఆ తీర్పు వచ్చిన ఏడాదికి కాస్త అటూఇటుగా నేను నా సంతకం పెట్టాను. అంటే చట్టం తెలియక కాదు.

ఆ 2020లోనే మన భూమి రికార్డుల్లో ఇంకో మార్పు జరిగింది. అక్టోబర్ 29న ధరణి వచ్చింది. పాత పహాణీలో పట్టాదారుతో పాటు అనుభవదారు అన్న కాలమ్ ఉండేది. దాన్ని తీసేశారు. జమీందార్ల కాలపు అవశేషమని, తగాదాలకు మూలమని ప్రభుత్వం వాదించింది. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. మా చిన్నతాత దూరింది ఆ కాలమ్‌లోనే కదా. పట్టా ఎవరిదైనా, నేల మీద నిజంగా ఎవరున్నారని కాగితం అడిగిన చోటు కూడా అదొక్కటే. కౌలుకు దున్నేవాళ్ళు, సాదాబైనామాతో కొనుక్కున్నవాళ్ళు ఆ కాలమ్ పోయిందని గగ్గోలు పెట్టారు, న్యాయమే. ఆడవాళ్ళెవరూ గగ్గోలు పెట్టలేదు. పెట్టడానికి ఆ కాలమ్‌లో వాళ్ళ పేర్లు ఎప్పుడో గానీ ఎక్కలేదు. ఎక్కే అవకాశం పోయిందన్నది పోగొట్టుకున్నట్టు తెలియని నష్టం. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ధరణిలో లేని అప్పీలు పద్ధతిని ఈ కొత్త చట్టం తెచ్చింది. మంచిదే. కానీ అప్పీలు చెయ్యాలన్నా ముందు ఎక్కడో ఒకచోట పేరుండాలి.

2023 జనవరిలో కామారెడ్డి పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లో చూపించారని చుట్టుపక్కల రైతులు కుటుంబాలతో సహా రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఆ నెలలోనే పురపాలక సంఘం ఆ ముసాయిదాను వెనక్కి తీసుకుంటూ తీర్మానం చేసింది. మాది పక్క మండలమే కాబట్టి మా ఇంట్లో రోజూ అదే మాట. తమ్ముడు కోపంతో ఊగిపోయాడు. “దున్నుకునేటోన్ని అడగకుండ కాగితం మీద గీత గీస్తె అయిపాయెనా అక్కా?” అన్నాడు. అన్యాయాన్ని ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ముప్ఫయ్యేళ్ళు ఆ రెండెకరాల్లో ఆమె చెయ్యని పని దుక్కి దున్నడం ఒక్కటే. ఆమెనూ ఎవరూ అడగలేదు, ఆమె కోసం కూడా కాగితం మీద ఒక గీతే గీశాం. గీసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కుటుంబం నుంచి భూమి పోతే అది వార్త. కుటుంబంలో ఉన్న ఆడదాని నుంచి భూమి పోతే అది విరాసత్.

ఇంకో మాట చెప్పాలి. ఆ రెండెకరాలు మాకు మిగిలింది అవ్వ వల్ల. నాయినకు మీసాలొచ్చాక అవ్వ ఊరి పెద్దల ముందు నాలుగుసార్లు పంచాయితీ పెట్టించింది. చిన్నతాత చివరికి నాలుగెకరాల్లో సగం ఇచ్చాడు. అవ్వ కొట్లాడితే వచ్చిన భూమి నాయిన పేర ఎక్కింది. నాయిన తర్వాత తమ్ముడి పేర ఎక్కింది. ఆ నేల కోసం కొట్లాడింది అవ్వ, దాన్ని పోషించింది అమ్మ, చట్టం చదివింది నేను. మూడు తరాల్లో ఒక్కరి పేరు కూడా ఒక్క కాగితంలోనూ లేదు.

డిస్సీజిన్‌కు కావలసిన మూడు మాటల్నీ ఇప్పుడు నాకు అన్వయించుకుని చూస్తాను. తొలగించబడ్డానా? ఎప్పుడూ దిగలేదు కాబట్టి తొలగించబడలేదు. సమ్మతి లేదా? ఉంది, వేలిముద్రతో సహా. ఆరు నెలలు? ఎప్పుడో దాటిపోయాయి. ఏ కోర్టులోనూ నాకు దావా లేదు. వెయ్యాలని కూడా లేదు, మా తమ్ముడు చెడ్డవాడు కాదు. కానీ మనం రాసే చరిత్రలో, మనం చేసే పరిశోధనలో ఈ నష్టానికి ఒక పేరు కావాలి. దొర చేస్తే బేదఖల్ అయినది, ఇంట్లో జరిగితే ‘అర్థం చేసుకోవడం’ ఎలా అయింది? పట్టా ఎవరిది అని అడగటం మానేసి, ఆ చేన్లో కలుపు ఎవరు తీశారు, విత్తనం ఎవరు దాచారు, గట్టు తెగినప్పుడు ఎవరు పరిగెత్తారు అని అడుగుతూ మన ఊళ్ళ పహాణీని మనమే మళ్ళీ రాసుకోవాలేమో.

పోయిన వానాకాలం తమ్ముడితో ఈ మాట ఎత్తాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “నువ్వే పెట్టినవ్ గదక్కా సంతకం” అన్నాడు. అవును, నేనే పెట్టాను. “అమ్మ పేరన్న ఎక్కిద్దాం, ఒక ఎకరం” అన్నాను. “చూద్దాం తీ” అన్నాడు. ఇంకా చూస్తున్నాం.

ఆ సాయంత్రం అమ్మతో కలిసి చేనుకు పోయాను. మక్క మోకాలెత్తు వచ్చింది. హద్దులు చెప్పమ్మా అన్నాను, నోటుబుక్కు తీసి. అమ్మ నవ్వింది. “నన్నెందుకే అడుగుతవ్, వాడు చెప్తడు గద.” నువ్వే చెప్పు అన్నాను. అప్పుడు కొంగు నడుముకు చెక్కుకుని గట్టెక్కి చెయ్యి చాపి, తూర్పుకు ఏముంది, పడమరకు ఎవరి చేను, ఉత్తరాన వేపచెట్టు కింద హద్దురాయి ఎక్కడ కుంగిపోయి ఉంది, అన్నీ ఒక్కటొక్కటే చెప్పింది. తడుముకోలేదు. రాసుకుంటూ పోయాను. పైన అనుభవదారు అని రాసి, ఆమె పూర్తి పేరు రాశాను.